గది దాటిన మాట

"తలుపు తియ్యరా! నీకు దణ్ణం పెడతాను, తలుపు తియ్యి," అంటూ అమ్మ కారు అద్దాన్ని అరచేత్తో బాదుతోంది.

లోపల తమ్ముడికి ఉలుకూ పలుకూ లేదు. డ్రైవరు సీట్లో కూర్చుని, నాలుగు తలుపులూ లాక్ చేసుకుని, పోర్టికో గోడ వంక చూస్తున్నాడు. ఆ గోడలో చూడ్డానికేమీ లేదు.

మొదటి డ్రైవింగు క్లాసు ముగించుకుని, స్కూలు రెండో కారులో అక్క అప్పుడే గేటు దగ్గరికి వచ్చింది. వచ్చేసరికి ఇదీ వరస. అమ్మ అద్దం దగ్గర, నాన్న బానెట్టు ముందు, గేటు పక్కన హ్యాండుబ్యాగు గుండెలకి అదుముకుని లైబ్రరీ ఆవిడ. ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది, నాన్న దగ్గర డ్రైవింగు నేర్చుకుంటోంది. నేర్చుకోడానికి వచ్చిన మనిషి కళ్ళు ఎందుకంత ఎర్రగా ఉన్నాయో అక్కకి అర్థం కాలేదు.

ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట ఈ కొంప తిన్నగా ఉండదా అనుకుంది. అదీ ఇవాళ! పదకొండింటికి తమ్ముడి కౌన్సెలింగు సెంటర్లో ఇంటిల్లిపాదికీ మీటింగు పెట్టుకుని!

"ఏమైంది?" అంది కారు దిగుతూ.

ముగ్గురూ ఒకేసారి చెప్పారు. అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ఒక్కొక్కరు! అమ్మా, ముందు నువ్వు."

"ఏముందే చెప్పడానికి? కాఫీ తాగుతూ వరండాలో కూర్చున్నాడు. ఈవిడ క్లాసుకని గేటు తీసుకుని వచ్చింది. వీడు ఆవిణ్ణి చూశాడు, ఆవిడ వీణ్ణి చూసింది. అంతే, మేకుకున్న తాళాలు లాక్కుని కారెక్కి కూర్చున్నాడు."

"ఆవిణ్ణి చూస్తే వీడికేం?"

అమ్మ నాన్న వంక చూసింది. నాన్న బానెట్టు మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

లైబ్రరీ ఆవిడే నోరు విప్పింది. "ఆయనకి తెలుసనుకున్నానండీ, నేనిక్కడ నేర్చుకుంటున్నట్టు. చెప్పానన్నారు మాస్టారు. మేమిద్దరం సెంటర్లో ఒకే గ్రూపు."

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

మొదట్లో తమ్ముడు వారానికోసారి, ఒక గంట, ఒక కౌన్సెలరు దగ్గర కూర్చుని వచ్చేవాడు. ఆ గంట వాడికి వారమంతటికీ సరిపోలేదు. వాడు లిఫ్టుల మెకానిక్కు. ఒకరోజు ఏదో పెద్ద భవనంలో లిఫ్టుకి పైనుండే మోటారు గదిలోకెళ్ళి, పని పూర్తిచేసి, మళ్ళీ కిందికి దిగబుద్ధి కాక చీకటి పడేదాకా అక్కడే కూర్చుండిపోయాడు. వాచ్‌మన్ వెళ్ళి చెయ్యి పట్టుకుని దింపాడు. ఆసుపత్రిలో చేర్చాలా అంటే ఇప్పుడే అక్కర్లేదన్నాడు డాక్టరు. వారానికో గంట చాలదు, వార్డులో ఉంచాల్సినంత లేదు, మధ్యలో ఇంకొకటుందన్నాడు. వారానికి మూడు రోజులు, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా సెంటర్లో తనలాంటి మరికొందరితో కూర్చుని మాట్లాడాలి. మధ్యాహ్నం ఇంటికొచ్చెయ్యాలి. తన గదిలో తను పడుకోవాలి.

ఈ 'మధ్యలో' అన్నదే ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. నాన్న దానికి సగం ఆసుపత్రి అని పేరు పెట్టాడు. కొడుకు పూర్తిగా మంచాన పడితే చాకిరీ చెయ్యడం అమ్మకి తెలుసు. పూర్తిగా బాగుంటే తిట్టడం నాన్నకి తెలుసు. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చి, నవ్వితే నవ్వి, నవ్వకపోతే నవ్వని మనిషిని ఏం చేసుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. తెలియని పని ఇద్దరూ చాలా శ్రద్ధగా చేస్తున్నారు.

"ఆవిడ మన స్కూలుకెలా వచ్చింది నాన్నా?"

"ఎలా వస్తారు? అందరిలాగే. నెంబరు చూసి ఫోన్ చేసింది."

"నెంబరెక్కడ చూసింది?"

"కారు మీద."

"కారెక్కడ చూసింది?"

మళ్ళీ లైబ్రరీ ఆవిడే అందుకుంది. "సెంటరు ఎదురుగా అండీ. గ్రూపున్న రోజుల్లో ఎప్పుడూ అక్కడే ఆగి ఉంటుంది కదా. మా గ్రూపులో అందరికీ తెలుసు ఆ కారు."

"ఎప్పుడూనా! దించేసి క్లాసుకి వెళ్తున్నానని చెప్పావుగా నాన్నా?"

"దించి వచ్చెయ్యడానికి మనసొప్పద్దూ? మధ్యలో వాడికేమన్నా అయితే? అయినా ఎదురుగా ఏం పెట్టలేదు. ఎవరికీ కనబడకుండా చెట్టు చాటున పెట్టాను."

అక్క కారు వంక చూసింది. నెత్తిమీద రెండు మూరల పసుపు బోర్డు. దానిమీద స్కూలు పేరు, ఫోను నెంబరు. వెనకాల ఎర్రటి అక్షరాలతో 'నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి'.

"దీన్ని వేసుకుని చాటేమిటి నాన్నా, చాటు!"

"అరవకే. వీధిలో వింటారు," అంది అమ్మ.

"విననీ. సెంటరంతా చూసింది, వీధి వింటే ఏం?" అక్క లైబ్రరీ ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ మీద అరవడానికి మనసు రాలేదు. "సరే. మీరొచ్చారు. ఈయన నేర్పాడు. తర్వాతేమైంది?"

"మాస్టారు అడుగుతూండేవారండీ. గేరు మార్చడం చెబుతూ, మావాడు అక్కడ మాట్లాడతాడా అమ్మా, ఏమంటాడమ్మా అని. నేను చెప్పలేదు. ఆ గదిలో అన్నది ఆ గదిలోనే ఉండాలని అందరం ఒప్పుకున్నాం. కానీ మొన్న..." ఆవిడ హ్యాండుబ్యాగు చెయ్యి మార్చుకుంది. "మొన్న రివర్సు నేర్పుతూ ఏడ్చేశారండీ ఆయన. నడిరోడ్డు మీద. వెనకాల బళ్ళవాళ్ళు హారన్లు. నాకేం చెయ్యాలో తోచలేదు. ఒక్క మాట చెప్పాను. ఒక్కటే. టీవీ సంగతి."

టీవీ అనగానే అక్కకి రాత్రి జరిగింది బోధపడింది.

తను గదిలోంచి హాల్లోకొస్తే చాలు ఇంట్లోవాళ్ళు టీవీ సౌండు తగ్గించేస్తారని, శవం లేచినట్టు అందరూ సర్దుకు కూర్చుంటారని తమ్ముడు గ్రూపులో చెప్పుకున్నాడు. నిజమే, తగ్గిస్తారు. ఆ సంగతి లైబ్రరీ ఆవిడ నాన్నకి చెప్పింది. నాన్న నోట్లో నువ్వుగింజ నానదు, అమ్మకి చెప్పాడు. అమ్మ మనసులో పెట్టుకుంది. రాత్రి వాడు మంచినీళ్ళకని హాల్లోకి రాగానే రిమోటు అందుకుని సౌండు పెంచింది. ఇల్లు అదిరిపోయేలా పెంచింది. పెంచి, పరీక్ష పాసైన పిల్లలా మొహం పెట్టి, "చూశావా, తగ్గించలేదు!" అంది.

వాడు ఖాళీ సీసాతో అక్కడే నిలబడి "ఏం తగ్గించలేదు?" అని అడిగాడు. "ఏం లేదురా, ఏం లేదు," అంది అమ్మ. వాడు నీళ్ళు పట్టుకోకుండానే గదిలోకి వెళ్ళిపోయాడు. అమ్మకేమైనా మతి పోయిందా అనుకుని అక్క తనే లేచి టీవీ కట్టేసింది.

"నేను మంచికే చేశానే," అంది అమ్మ ఇప్పుడు, అడక్కుండానే.

"తెలుసమ్మా. ఈ ఇంట్లో చెడ్డకి ఎవరు చేస్తారు గనక!"

"నేను సెంటర్లో చెప్పేస్తానండీ," అంది లైబ్రరీ ఆవిడ. "గ్రూపులోంచి తీసేసినా సరే."

"నీ తప్పేముందమ్మా, నాది," అన్నాడు నాన్న.

"ఆ మాట వాడితో చెప్పు నాన్నా. ఆవిడతో కాదు."

నాన్న గొంతు సవరించుకుని అద్దం దగ్గరికి వెళ్ళాడు. వంగాడు. "ఒరేయ్. తప్పైపోయిందిరా," అన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. "అయినా తండ్రన్నవాడికి..."

"అయినా అనకు! తప్పైపోయింది అన్నాక ఆపెయ్యాలి నాన్నా. అక్కడితో అయిపోయింది వాక్యం."

"నాకు మాట్లాడ్డం నువ్వు నేర్పుతావా?"

"నేర్పాలి. నేర్పకపోతే ఇలా ఉంది!"

నాన్న మొహం మాడ్చుకుని లోపలికి వెళ్ళిపోయాడు. లైబ్రరీ ఆవిడ గేటు వైపు తిరిగింది. అప్పుడు కారు అద్దం వేలెడు కిందికి దిగింది.

"మీ మీద కోపం లేదండీ. గ్రూపు మానకండి," అని తమ్ముడి గొంతు వినిపించింది. అద్దం మళ్ళీ పైకి లేచింది.

"ఆవిడతో మాట్లాడతావు, నాతో మాట్లాడవా!" అని అమ్మ మళ్ళీ బాదబోయింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని వంటింటి గుమ్మం దాకా నడిపించి, లోపలికి తోసి, తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

వచ్చి పక్క సీటు తలుపు మీద ఒక్కసారి తట్టింది. లాక్ తీసిన చప్పుడైంది.

అది నేర్పేవాళ్ళు కూర్చునే సీటు. దాని కింద కూడా ఒక బ్రేకుంటుంది. నేర్చుకునేవాళ్ళు తొక్కడం మరిచిపోతే నేర్పేవాళ్ళు తొక్కడానికి. అక్క ఎక్కి కూర్చుంది. కాసేపు ఇద్దరూ గోడనే చూశారు.

"అలగడానికి ఈ డొక్కు కారే దొరికిందా? ఏసీ కూడా పనిచెయ్యదు."

"గదిలో కూర్చుంటే అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. బాత్రూములోకెళ్తే నాన్న అప్పుడే కుళాయి బాగుచెయ్యాలంటాడు. ఇంట్లో గొళ్ళేలన్నీ పీకేశారు కదా. లాక్ ఉన్నది దీనికొక్కదానికే."

అక్కకి నవ్వొచ్చింది. వాడు నవ్వకపోవడం చూసి ఆపుకుంది.

"సరే, మీటింగుకి పద. టైమవుతోంది."

"రాను."

"ఎందుకు రావు?"

"ఎందుకు రావాలి? ఆ గదొక్కటే నాకున్నది. అక్కడ నేనేమన్నా ఎవరూ గుండెలు బాదుకోరు. ఎవరూ పరిగెత్తుకు రారు. విని, ఊఁ అంటారు. తర్వాత ఇంకొకరు చెప్పుకుంటారు. ఇప్పుడక్కడ మాట్లాడినా ఒకటే, మన హాల్లో మాట్లాడినా ఒకటే."

"మానేస్తే ఏమవుతుందో తెలుసుగా? మళ్ళీ వారానికో గంట. అది చాలకపోతే తిన్నగా వార్డు."

"తెలుసు."

"తెలిసీ ఇదేమిటిరా? ఒకటి చెప్పనా, నాకూ ఓపిక లేదు. నీ గ్రూపు రోజుల్లో నువ్వొచ్చేసరికి ఇంట్లో ఉండాలని పొద్దుటి క్లాసులన్నీ సాయంత్రానికి తోశాను. సాయంత్రం బళ్ళ రద్దీలో, స్టీరింగు పట్టుకోవడం రానివాళ్ళని పక్కన పెట్టుకుని చస్తున్..."

నాలిక కరుచుకుంది.

తమ్ముడు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "అదిగో. ఎన్నాళ్ళయిందక్కా ఈ ఇంట్లో ఎవరైనా చస్తున్నాను అని? అమ్మ ఇదివరకు రోజంతా అనేది. ఈ గిన్నెలు తోమలేక చస్తున్నా, మీతో వేగలేక చస్తున్నా. ఇప్పుడు దోమని చంపాను అనడానికి కూడా అటూ ఇటూ చూస్తుంది. అందరూ ఆ మాట చుట్టూ తిరుగుతారు. తిన్నావా, పడుకున్నావా, నీరసంగా ఉందా, మాత్ర వేసుకున్నావా. అసలు సంగతి ఒక్కరు అడగరు. నాన్న ఆవిణ్ణి అడిగాడు. ఎవరో ఆవిణ్ణి! నన్నడగడానికి ఏమొచ్చింది?"

"భయం వచ్చింది."

"నీకూనా?"

"నాకూనే. నేనేం ఇనుముతో చేసిన దాన్నా?" అక్క ఊపిరి పీల్చుకుంది. చిరాకు గొంతుదాకా వచ్చి ఉంది. ఆ చిరాకే మంచి పని చేసిందేమో, మామూలుగా అయితే ఆ మాట ఆమె నోట వచ్చేది కాదు. "సరే, అడుగుతున్నాను. నీకు చచ్చిపోవాలని ఉందా? సూటిగా చెప్పు."

వాడు మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

"నిన్న రాత్రినుంచి ఉంది," అన్నాడు.

వాడేం ఏడవలేదు. బజారుకెళ్ళి ఏం తేవాలో చెప్పినట్టు చెప్పాడు. అక్కకి మాత్రం ఏదన్నా గట్టిగా పట్టుకోవాలనిపించింది.

"బండి ఆగే ఉందక్కా," అన్నాడు తమ్ముడు. "బ్రేకెందుకు తొక్కుతున్నావు?"

చూసుకుంటే నిజమే. కాలు బ్రేకుని అడుగుదాకా తొక్కేసి ఉంది.

"అంతకు ముందు లేదా?" అంది కాలు తీస్తూ.

"మధ్యలో కొన్నాళ్ళు లేదు. వచ్చినా గ్రూపులో చెప్పేవాణ్ణి. చెప్తే పల్చబడేది. నిన్న అమ్మ ఆ సౌండు పెంచింది చూడు, ఇంక చెప్పుకోడానికి చోటు లేదనిపించింది."

"ఇప్పుడు నాతో చెప్పావుగా."

"నువ్వడిగావు కాబట్టి."

"సెంటర్లో కౌన్సెలరు మేడమ్‌తో చెప్పు. ఇవాళే. గ్రూపు లేదుగా ఇవాళ, మనమే."

వాడు స్టీరింగు మీద వేలితో గీతలు గీశాడు. "చెప్తాను. కానీ నేనే చెప్తాను. నువ్వు చెప్పకు. అమ్మకీ నాన్నకీ అసలు చెప్పకు. ఇంకొకళ్ళ నోట నా మాట వినలేను నేను."

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు. దిగి చొక్కా మార్చుకో."

వాడు దిగాడు. వాడే చెబుతానన్నాడు, ఇక తనకి భారం లేదనుకుంది అక్క. ఆ కాస్తలోనే ఆమెకి ఎంత హాయిగా అనిపించిందంటే, సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

సెంటరుకి కారు అక్క నడిపింది, తమ్ముడు పక్కన కూర్చున్నాడు. వెనకాల నాన్న కుక్కిన పేనులా ఉన్నాడు. పొద్దున్నించీ తిట్లు తిన్న మనిషి, ఇక నోరెత్తకూడదని గట్టిగా నిశ్చయించుకున్నట్టున్నాడు. అమ్మ మాత్రం అద్దంలోంచి అక్కకి కళ్ళతోనే సైగలు చేస్తోంది. ఏమన్నాడే, ఏమన్నాడే అని. అక్క అద్దాన్ని పైకి తిప్పేసింది.

సెంటరు ఒక కళ్ళజోళ్ళ షాపు మీద మేడలో ఉంది. మెట్లెక్కగానే ఒక హాలు, కుర్చీలు గుండ్రంగా వేసి. కిటికీలో మొక్కలు. గోడ పక్కన బల్ల మీద టీ ఫ్లాస్కు, ఎవరో మరిచిపోయిన గొడుగు. అమ్మ లోపలికి రావడం అదే మొదలు. చుట్టూ చూసి, "ఇదేం ఆసుపత్రే, మంచం ఒక్కటీ లేదు," అంది గుసగుసగా. ఆమె ఆశాభంగం చూస్తే, కొడుక్కి రావలసినదేదో తక్కువిచ్చారన్నట్టుంది.

కౌన్సెలరు సన్నగా, తలలో కళ్ళజోడు దోపుకుని, నెమ్మదిగా మాట్లాడే మనిషి. అందర్నీ కూర్చోబెట్టి, "ముందు ఎవరు చెప్తారు?" అంది.

నాన్న లేచి నిలబడ్డాడు. కూర్చునే చెప్పండి అన్నా కూర్చోలేదు. చెట్టు చాటు సంగతి, లైబ్రరీ ఆవిడ సంగతి, రివర్సు గేరులో ఏడుపు సంగతి, అమ్మకి చెప్పడం, అమ్మ సౌండు పెంచడం, ఏదీ దాచకుండా చెప్పేశాడు. "తప్పైపోయింది," అన్నాడు. అన్నాక నోరు తెరిచి, అక్క వంక చూసి, మూసేశాడు.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇది చిన్న సంగతి కాదండీ. గ్రూపులో అందరితోనూ మాట్లాడాల్సి ఉంటుంది. ప్రస్తుతానికి ఒక్కటి చెప్తాను. అతని మాటలు అతనివి. మీకు తెలుసుకోవాలనుంటే అతన్నే అడగండి. అతను చెప్పుకుంటే వినండి."

నాన్న బుద్ధిగా తలూపి కూర్చున్నాడు.

"నువ్వు చెప్పు," అందామె తమ్ముడి వైపు తిరిగి. "ఎలా ఉంటోంది?"

తమ్ముడు తలెత్తాడు. ఎదురుగా అమ్మ. వాడింకా నోరు తెరవనే లేదు, ఆమె చీర కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"బాగానే ఉందండీ," అన్నాడు.

"నిద్ర?"

"పడుతోంది."

"నాన్నగారు చేసిన పని?"

"కోపమొచ్చింది. తగ్గిపోయింది."

"చచ్చిపోవాలన్న ఆలోచనలు?"

అక్క ఊపిరి బిగబట్టింది. చెప్పు. అడిగిందిగా, సూటిగానే అడిగింది, చెప్పరా.

"లేవండీ," అన్నాడు తమ్ముడు. "ఈమధ్య లేవు."

"అయితే ఇలాగే సాగిద్దాం. ఇంకొన్నాళ్ళు చూసి, రెండు రోజులకి తగ్గించవచ్చేమో ఆలోచిద్దాం."

"రెండు రోజులా!" అమ్మ కొంగు తీసేసింది. మొహం వెలిగిపోయింది. "అంటే తగ్గిపోయినట్టేగా అండీ? నేను చెబుతూనే ఉన్నాను, మావాడికి మనసు మెత్తన, అంతే గానీ..."

అక్క కాలితో తమ్ముడి చెప్పుని తన్నింది. వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆమె దగ్గింది. వాడు కిటికీలో మొక్కలు చూశాడు. చెప్తానన్నాడు కదా! చెప్తానంటేనే కదా తను ఒట్టు వేసింది! ఇంట్లో కారులో కూర్చుని తనతో చెప్పగలిగిన వెధవకి, చెప్పించుకోడానికే జీతం తీసుకునే మనిషి ముందు నోరు రాలేదా? గూబ పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపం కింద భయం, ఒళ్ళంతా చెమట పట్టించే భయం. ఇప్పుడు లేచి ఇంటికెళ్తే, ఈ రాత్రి ఆ గొళ్ళెం లేని గది బయట కూర్చునేది తనొక్కతే. లోపల ఏముందో తెలిసినదీ తనొక్కతే.

"ఒక్క మాటండీ," అంది అక్క.

ఆమె మోచేతి మీద నాన్న చెయ్యి పడింది.

"వద్దమ్మా," అన్నాడు నాన్న మృదువుగా. "వాడి మాట వాణ్ణే చెప్పుకోనీ. ఇప్పుడేగా మేడమ్ చెప్పింది. ఇంకొకళ్ళం చెప్పకూడదు."

పుట్టి బుద్ధెరిగాక ఈయన ఒక్కసారి నోరు మూసుకుంటే చూద్దామనుకుంది ఆమె. మూసుకున్నాడు. ఇవాళ, ఈ నిమిషంలో, తన నోరు కూడా మూయబోయాడు. ఎదురుగా తమ్ముడు ఆమె వంకే చూస్తున్నాడు. ఒట్టు వేశావు అంటున్నాయి వాడి కళ్ళు.

"వాడు నిజం చెప్పట్లేదండీ," అంది అక్క. "చచ్చిపోవాలనిపిస్తోందని పొద్దున నాతో అన్నాడు. నిన్న రాత్రినుంచట."

అమ్మ గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. నాన్న చెయ్యి మోచేతి మీంచి జారిపోయింది.

కౌన్సెలరు మాత్రం ఎగిరి పడలేదు. కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది. "అవునా?" అని తమ్ముణ్ణి అడిగింది.

కింద షాపులో ఎవరో షట్టరు ఎత్తిన చప్పుడైంది. వాడు అక్క వంక చూడ్డం మానేశాడు.

"వీళ్ళని బయటికి పంపండి. మీతో చెప్తాను."

"అందర్నీనా?"

"అందర్నీ. ముందు మా అక్కని."

బయట వరండాలో ఒక చెక్క బెంచీ ఉంది. ముగ్గురూ వరసగా కూర్చున్నారు. అమ్మ కాసేపు ఏడ్చింది. తర్వాత ఏడుపు ఆపి, "నాకెందుకు చెప్పలేదే?" అంది.

"చెప్పనని వాడికి ఒట్టు వేశాను."

"ఒట్టు వేసి మరి అందరి ముందూ ఎలా చెప్పావే? బిడ్డ మొహం చూశావా?"

"చెప్పకపోతే ఎందుకు చెప్పలేదంటావు. చెప్తే ఎందుకు చెప్పావంటావు. నన్నేం చెయ్యమంటావమ్మా? ఇదిగో ఈ మెట్ల మీంచి దూకనా?"

అనేసరికి ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"వార్డుకి పంపేస్తారంటావా?" అన్నాడు నాన్న.

"తెలీదు. పంపాల్సి వస్తే పంపుతారు. పంపనీ."

"రెండు రోజులకి తగ్గిస్తామన్నారు," అంది అమ్మ, ఇంకా ఆ మాటే పట్టుకుని.

నాన్న లేచి అటూ ఇటూ తిరిగాడు. తిరిగి తిరిగి తలుపు దగ్గర ఆగాడు. చెవి ఆనించలేదు గానీ తల అటే వాలింది.

"నాన్నా."

"వినట్లేదే. నిలబడ్డాను."

"ఇటొచ్చి నిలబడు."

వచ్చాడు. అప్పుడే తలుపు తెరుచుకుంది. కౌన్సెలరు గుమ్మంలో నిలబడింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. అక్క గబుక్కున లేచింది.

"మీరు కాదండీ," అందామె. "నాన్నగార్ని రమ్మంటున్నాడు. ఒక్కర్నే."

నాన్న నమ్మనట్టు తన గుండె మీద వేలు పెట్టి చూపించుకున్నాడు. ఆమె తలూపింది. రెండడుగులు వేసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు. ఎందరికో చెయ్యి పట్టుకుని బండి నేర్పిన మనిషి, మొదటిరోజు స్కూలుకెళ్ళే పిల్లాడిలా ఉన్నాడు.

"ఏమడగాలే నేను?" అన్నాడు.

"లైబ్రరీ ఆవిణ్ణి అడిగావుగా," అంది అక్క. "అదే వాణ్ణి అడుగు."

తలుపు మూసుకుంది. వీధి చివరిదాకా వినిపించే నాన్న గొంతు ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు. అక్క అలాగే నిలబడిపోయింది. అమ్మ చెయ్యి పట్టుకుని లాగితే కూర్చుంది.

"వాడింక నాతో ఏదీ చెప్పడమ్మా," అంది.

అమ్మ కాదనలేదు.